పేగు కాదనదు: పిల్లల ఒంట్లోకి చక్కెర చేరే దారి

మెట్‌పల్లికి దగ్గర్లోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నిజాం ఏలుబడిలో 1937లో బోధన్‌లో మొదలైన సంస్థకు అదొక శాఖ. బోధన్, మంబోజిపల్లి యూనిట్లకు కూడా అప్పుడే తాళం పడింది. ఫ్యాక్టరీ ఆగాక చుట్టుపక్కల చెరుకు పొలాలు వరికీ, పసుపుకూ, మక్కకూ మారాయి. తిరిగి తెరవాలని రైతులు అడుగుతూనే ఉన్నారు, అది న్యాయమైన కోరిక. అయితే పొలంలో చెరుకు తగ్గినా పిల్లల నోట్లోకి పోయే శక్కర తగ్గలేదు. బస్టాండు దగ్గరి బేకరీ నుంచి, బడి ముందటి కిరాణా దుకాణం నుంచి అది సీసాల్లో, పొట్లాల్లో వస్తూనే ఉంది.

ఒళ్లు చేసిన పిల్లవాడి గురించి మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ‘వాడు తిండిపోతు’ అనేది ఒకటి. ‘వాడికి ఏం తిన్నా ఒంటబడుతది’ అనేది రెండోది. మొదటిది పిల్లవాడి మీద నింద. రెండోది నిజానికి ఒక శాస్త్ర ప్రశ్న. ఒకే పళ్లెంలో తిన్న ఇద్దరు పిల్లల్లో ఒకరి పేగు చక్కెరను ఎక్కువగా, తొందరగా లాక్కుంటుందా? స్థూలకాయానికి అది కారణమా, లేక ఫలితమా? గత నలభై ఏళ్లుగా పరిశోధకులు దీని చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లకు దొరికిన జవాబులు మన బడులకూ వంటిళ్లకూ పనికొచ్చేవే.

ముందు పేగు చేసే పని చూద్దాం. అన్నం, రొట్టె, గట్క, బిస్కట్ ఏది తిన్నా అందులోని పిండిపదార్థాన్ని లాలాజలంలోని, క్లోమరసంలోని అమైలేజ్ ముక్కలు చేస్తుంది. చిన్నపేగు గోడమీది ఎంజైములు ఆ ముక్కలను గ్లూకోజ్‌గా విడగొడతాయి. మనం చాయ్‌లో వేసుకునే చక్కెర సుక్రోజ్. అది సగం గ్లూకోజ్‌గా, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. చిన్నపేగు లోపలి గోడ మడతలతో, వేలి కొసల్లాంటి విల్లైలతో, వాటి మీద ఇంకా సన్నని నూగుతో నిండి ఉంటుంది. దాన్నంతా పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ కొలిచి, జీర్ణనాళం మొత్తం కలిపినా 30 చదరపు మీటర్ల చిల్లరేనని తేల్చారు. అంటే ఒక చిన్న ఇంటి గచ్చంత. అంత జాగాలోనే మనం తిన్న చక్కెర దాదాపు మొత్తం లోపలికి పోతుంది.

ఆ గోడ కణాల్లోకి గ్లూకోజ్‌ను తీసుకుపోయే ప్రొటీన్ పేరు ఎస్‌జీఎల్‌టీ-1. ఇది గ్లూకోజ్‌ను ఒంటరిగా రానివ్వదు. ఒక్కో గ్లూకోజ్ అణువుకు రెండు సోడియం అయాన్లు తోడు రావాలి. పేగులో గ్లూకోజ్ కొద్దిగానే ఉన్నా, కణంలో ఎక్కువ ఉన్నా, సోడియం లాగుడుతో అది లోపలికి వచ్చేస్తుంది. లోపలికొచ్చిన సోడియాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడెయ్యాలి కదా, ఆ తోడే పంపును నడిపేది ఏటీపీ అనే శక్తి అణువు. ఆ అణువును 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెలికితీసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. సుబ్బారావు కుటుంబానికి పేగుల జబ్బుతో పాత వైరం ఉంది. తిన్నది ఒంటబట్టకుండా పోయే స్ప్రూ, అంటే గ్రహణి వ్యాధి, ఆయన సోదరులిద్దరిని బలి తీసుకుంది. ఆయనకూ సోకితే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికించారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం అదే గ్రహణికి మందయింది. ఒకప్పటి తెలుగు ఇళ్లలో భయం తిన్నది ఒంటబట్టదని. నేటి భయం అందుకు పూర్తిగా ఎదురుది.

గ్లూకోజ్, సోడియం జంటగా పోతాయన్న ఆలోచనను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో వివరించాడు. 1987లో అర్నెస్ట్ రైట్ బృందం ఆ ప్రొటీన్ జన్యువును పట్టుకుంది. ఈ రెండింటి మధ్య కాలంలో అదే సూత్రం లక్షలాది పిల్లల ప్రాణాలు నిలిపింది. వాంతులు, విరేచనాలతో వడలిపోయిన బిడ్డకు ఉత్త నీళ్లు పోస్తే నిలవవు. ఉప్పు, గ్లూకోజ్ సరైన పాళ్లలో కలిపి పోస్తే ఆ రెండూ లోపలికి పోతూ నీటిని వెంట లాక్కుపోతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో దిలీప్ మహలనబీస్ దీన్నే పెద్ద ఎత్తున వాడి కలరాను నిలువరించారు. ఈ రోజు ఆశా కార్యకర్త చేతిలో ఉండే ఓఆర్ఎస్ పొట్లం అదే. లీటరు నీళ్లకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, మరి రెండు లవణాలు. ఆ 13.5 అనే అంకె గుర్తుంచుకోండి, దానితో మళ్లీ పనిపడుతుంది.

ఫ్రక్టోజ్ దారి వేరు. అది గ్లూట్-5 అనే వాకిలి గుండా, సోడియం తోడు లేకుండా, తన పాటికి తాను జారిపోతుంది. ఈ దారికి ఒక పరిమితి ఉంది. పండ్లరసం ఎక్కువ తాగిన చిన్న పిల్లలకు కడుపుబ్బరం, నీళ్ల విరేచనాలు రావడానికి అది ఒక కారణం. కణంలోకి వచ్చాక గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ గ్లూట్-2 గుండా రక్తంలోకి, అక్కణ్నుంచి ముందుగా కాలేయానికి చేరతాయి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఇనుము విషయంలో మన పేగు చాలా లెక్కగా ఉంటుంది. ఒంట్లో ఇనుము నిండితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ పంపి పేగులోని వాకిలి మూయిస్తుంది. కాల్షియానికీ అటువంటి అదుపుంది. చక్కెరకు అది లేదు. ఒంట్లో కొవ్వు ఎంత పేరుకున్నా పేగు ఇక చాలని చెప్పదు. మూత్రపిండాలు కూడా రోజుకు దాదాపు 180 గ్రాముల గ్లూకోజ్‌ను వడగట్టి, తిరిగి మొత్తం రక్తంలోకే చేరుస్తాయి. రక్తంలో డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినప్పుడే మూత్రంలోకి వదులుతాయి. మనిషి చరిత్ర పొడుగునా కరువే ఎక్కువ. దొరికిన తీపిని వదులుకున్న శరీరం నిలిచి ఉండేది కాదు. కాబట్టి చక్కెరను ఆపాల్సింది నోటి దగ్గరా, అంతకన్నా ముందు దుకాణం దగ్గరా. పేగును నమ్ముకుని లాభం లేదు.

అందరి పేగూ చివరికి చక్కెరంతా తీసుకునేదే అయితే తేడా ఎక్కడుంది? వేగంలో, తీసుకునే చోటులో. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ పరిశోధకులు 2015లో ఒక మంచి ప్రయోగం ప్రచురించారు. కడుపును దాటించి, గొట్టం ద్వారా నేరుగా చిన్నపేగు మొదటి భాగంలోకే గ్లూకోజ్ పంపారు. బాగా లావున్నవారిలో అది సన్నని వారికన్నా వేగంగా రక్తంలోకి చేరింది. వాళ్ల పేగు గోడలో ఎస్‌జీఎల్‌టీ-1 ఎక్కువగా ఉంది. ఇన్సులిన్‌ను ఎగదోసే జీఐపీ అనే హార్మోన్ ఎక్కువ వచ్చింది, ఆకలి తీరిందని మెదడుకు చెప్పే జీఎల్‌పీ-1 తక్కువ వచ్చింది. జీఐపీ కణాలు పేగు మొదట్లో, జీఎల్‌పీ-1 కణాలు చివరి వైపు ఎక్కువ. చక్కెరంతా మొదట్లోనే తీసేసుకుంటే చివరి భాగానికి కబురే అందదు. తిన్న కాసేపటికే పిల్లవాడు మళ్లీ ఆకలంటే అది మొండితనమని కొట్టిపారెయ్యలేం. ఇటలీలో జరిగిన పరిశోధనల్లో కూడా, గ్లూకోజ్ తాగిన గంటకు రక్తంలో చక్కెర బాగా పెరిగేవారి పేగులో ఈ ప్రొటీన్ ఎక్కువగా కనిపించింది.

ఇవి పెద్దవాళ్ల మీద జరిగినవి. పిల్లల పేగు ముక్క తీసి చూడడం సబబు కాదు కనుక పిల్లల సంగతి చాలావరకు వీటి నుంచీ, జంతువుల నుంచీ ఊహించేదే. కౌమారంలో ఇన్సులిన్ పనితనం సహజంగానే కొంత మందగిస్తుందని మాత్రం ఖాయంగా తెలుసు. ఆ వయసులో చక్కెర వేగంగా వచ్చిపడితే క్లోమం మీద భారం మరింత పెరుగుతుంది.

కారణమా, ఫలితమా అన్న ప్రశ్నకు జన్యుశాస్త్రం కొంత వెలుగిచ్చింది. అమెరికాలో 8 వేలమందికి పైగా మనుషులను ఏళ్ల తరబడి గమనించిన సమాచారాన్ని 2018లో విశ్లేషించారు. పుట్టుకతోనే ఎస్‌జీఎల్‌టీ-1 కొంచెం మందకొడిగా ఉన్నవారిలో భోజనం తర్వాత చక్కెర తక్కువ పెరిగింది, స్థూలకాయమూ తక్కువే. పుట్టుకతో వచ్చిన తేడా కాబట్టి దీన్ని లావు వల్ల వచ్చిన ఫలితమని తోసెయ్యలేం. పేగు వేగం బరువును కొంత నిర్ణయిస్తుందనడానికి ఇప్పటికి దొరికిన ఆధారాల్లో నేను ఎక్కువ నమ్మేది ఇదే. లాలాజల అమైలేజ్ జన్యు ప్రతులు తక్కువున్నవారికి ఊబకాయం వస్తుందని 2014లో గట్టిగా వినిపించింది. మరుసటి ఏడాదే మరింత నిశితంగా కొలిచినవారికి ఆ సంబంధం కనిపించలేదు. దాన్ని పట్టుకుని పిల్లలకు జన్యు పరీక్షలంటూ ఎవరైనా వస్తే డబ్బు దండుగ.

పేగు అలవాటు పడుతుంది కూడా. గోడ కణాలు నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి పుడతాయి. ఆ కొత్తవి తమ ముందున్న తిండిని బట్టి తయారవుతాయి. చక్కెర ఎక్కువ పెట్టిన జంతువుల పేగులో ఎస్‌జీఎల్‌టీ-1 పెరుగుతుంది, ఫ్రక్టోజ్ పెడితే గ్లూట్-5 పెరుగుతుంది. నాలుక మీది తీపి గ్రాహకాలు పేగులోనూ ఉన్నాయని, అవే ఈ పెంపును నడిపిస్తాయని 2007లో ఎలుకల్లో తేలింది. కృత్రిమ తీపి పదార్థాలు కూడా వాటిని తట్టిలేపాయి. 2018లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఎలుకల్లో ఇంకో సంగతి చూశారు. ఫ్రక్టోజ్ కొద్దిగా వస్తే చిన్నపేగే దాన్ని గ్లూకోజ్‌గా మార్చి కాలేయాన్ని కాపాడుతుంది. ఒక్కసారిగా ఎక్కువ వస్తే మిగిలినది పొర్లి కాలేయానికి పోతుంది. అక్కడ అది కొవ్వుగా మారడం తేలిక. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన మరో అడుగు వేసింది. ఫ్రక్టోజ్ తిన్న ఎలుకల విల్లైలు పొడవు పెరిగాయి, దాంతో కొవ్వును కూడా ఎక్కువ పీల్చుకున్నాయి. ఎలుక మనిషి కాదు, నిజమే. అయినా నాలుగు చోట్ల నాలుగు రకాలుగా చేసిన పనులు ఒకే వైపు చూపిస్తున్నాయి. తీపికి అలవాటు పడిన పేగు తీపిని ఇంకా బాగా అందుకుంటుంది. రోజూ కూల్‌డ్రింక్ తాగే పిల్లవాడికి ‘ఏం తిన్నా ఒంటబడుతది’ అన్న మాటలో కొంత నిజం ఉండొచ్చు. అది పుట్టుకతో వచ్చిందే కానక్కర లేదు, మనం పెట్టినదే కావచ్చు.

తిండి రూపానికి ఇక్కడే విలువ వస్తుంది. కడుపు నుంచి పేగులోకి తిండి ఎంత వేగంగా జారుతుందన్నదే చాలావరకు చక్కెర వేగాన్ని శాసిస్తుంది. ముద్ద పదార్థం నిదానంగా జారుతుంది, పానీయం తొందరగా జారిపోతుంది. జామపండులోనూ చక్కెర ఉంది. కానీ అది పీచు మధ్య, కణాల గోడల్లో చిక్కుకుని ఉంటుంది, నమలాలి, పేగు పొడుగునా కొద్దికొద్దిగా విడుదలవుతుంది. మామిడి రసం పేరుతో అమ్మే సీసాలో ఆ అడ్డంకులేవీ ఉండవు. మామూలు కూల్‌డ్రింక్‌లో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైనే చక్కెర. చిన్న 250 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి ఖాళీ చేస్తే 25 గ్రాములు దాటుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజు మొత్తానికి చెప్పిన పరిమితి 20 నుంచి 25 గ్రాములు.

మన పళ్లెం కూడా ఈ యాభై ఏళ్లలో మారింది. ఈ ప్రాంతంలో మక్క గట్క, జొన్న రొట్టె, అంబలి రోజువారీ తిండిగా ఉండేవి. కాలువల నీళ్లు, మోటరు బావులు, రేషన్ బియ్యం కలిసి మూడు పూటలా అన్నం తినగలిగే స్థితి తెచ్చాయి. ఆకలి తీరడం గొప్ప విషయం, దాన్ని తక్కువ చెయ్యకూడదు. 2015 నుంచి హాస్టళ్లలో, మధ్యాహ్న భోజనంలో సన్నబియ్యం పెడుతున్నారు. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణాల్లోనూ మనిషికి 6 కిలోల చొప్పున ఇస్తున్నారు. అయితే తవుడంతా పోయేలా పాలిష్ పట్టిన బియ్యం పేగులో చాలా తొందరగా గ్లూకోజ్ అవుతుంది. రాజేంద్రనగర్‌లో తయారైన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అదే తెలంగాణ సోనా, గ్లైసీమిక్ సూచి (తిండి రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే అంకె) 51 దగ్గర్లో, అంటే తక్కువగా ఉందని తేలింది. ఇది మన రైతులు పండిస్తున్నదే. బడి పిల్లల కోసం కొనే బియ్యంలో ముందు దీన్ని అడగాలి, పాలిష్ తగ్గించమనీ అడగాలి. అన్నం వండి చల్లారబెడితే పిండిలో కొంత భాగం అరగని పిండిగా మారుతుంది, కాబట్టి పొద్దున సద్దన్నం పెరుగుతో తినే అలవాటును చిన్నచూపు చూడనక్కర లేదు. పప్పు, గుడ్డు, కూర ముందు తిని అన్నం తర్వాత తింటే చక్కెర నిదానంగా పెరుగుతుందని పెద్దల మీద జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. చాయ్‌లో ముంచుకున్న బిస్కట్‌తోనో రస్కుతోనో బడికి పోయే పిల్లవాడికి మాత్రం వీటిలో ఏ రక్షణా లేదు.

తెలంగాణలో ఈ సమస్యను ఒంటరిగా చూడలేం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 2015-16కూ 2019-20కీ మధ్య మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 28 శాతం నుంచి 33 శాతానికి పెరిగారు. అదే కాలంలో ఉండాల్సిన దానికన్నా బరువున్నవారు 0.7 శాతం నుంచి 3.4 శాతానికి చేరారు. ఒకే అంగన్‌వాడీలో రెండు సమస్యలూ పక్కపక్కనే కూర్చుంటున్నాయి. దేశం మొత్తంలో 5 నుంచి 19 ఏళ్ల మధ్య స్థూలకాయం ఉన్నవారు 1990లో 4 లక్షలుంటే 2022 నాటికి కోటీ 25 లక్షలయ్యారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా.

ఈ రెండింటి ముడిని విప్పడానికి ప్రపంచం చూసిన మంచి ఆధారాల్లో ఒకటి మన నేలమీదిదే. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ మక్క, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. పక్క ఊళ్లకు అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్లవారయ్యాక పోషకాహార సంస్థ, లండన్ పరిశోధకులు కలిసి వాళ్లను మళ్లీ పరీక్షించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. కొవ్వు మాత్రం ఎక్కువ లేదు. ఇన్సులిన్ మొండితనం దాదాపు 20 శాతం తక్కువ. తొలి ఏళ్లలో మంచి తిండి పెడితే పిల్లలు లావవుతారన్న భయం తప్పని ఇది చెబుతోంది. తొలి ఏళ్లలో చక్కెర పెడితే ఏమవుతుందో బ్రిటన్ చెప్పింది. అక్కడ యుద్ధకాలపు చక్కెర రేషన్ 1953 సెప్టెంబరులో ముగిసింది. కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన తర్వాతి రెండేళ్లూ రేషన్ కాలంలో గడిపినవారికి పెద్దయ్యాక టైప్-2 మధుమేహం వచ్చే ముప్పు 35 శాతం మేర తక్కువగా ఉందని 2024లో తేలింది. అన్నం, పప్పు, గుడ్డు పెట్టడానికి భయపడకూడదు. రెండేళ్లలోపు బిడ్డకు తీపి పెట్టడానికి భయపడాలి.

మందుల సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. పిండి విడిపోకుండా ఆపే అకార్బోజ్ మధుమేహులు వాడతారు, గ్యాసు బాధ దాని వెంటే ఉంటుంది. ఎస్‌జీఎల్‌టీ-1ను కూడా అడ్డుకునే సోటాగ్లిఫ్లోజిన్ 2023లో అమెరికాలో గుండె వైఫల్యానికి అనుమతి పొందింది. పిల్లల బరువుకు ఇవి మార్గం కాదు. ఎస్‌జీఎల్‌టీ-1 వాకిలి పూర్తిగా పనిచెయ్యకుండా పుట్టే పిల్లలు అరుదుగా ఉంటారు. పాలు తాగిన తొలి రోజుల్లోనే ప్రాణాంతకమైన విరేచనాలతో వస్తారు. ఆ దారి అంత అవసరమైనది.

ఇప్పుడు ఆ 13.5 దగ్గరికి వద్దాం. ఓఆర్ఎస్ అని పేరు రాసుకుని, లీటరుకు 100 గ్రాములు దాటిన చక్కెరతో కొన్ని పానీయాలు మందుల దుకాణాల్లోనే అమ్ముడవుతూ వచ్చాయి. విరేచనాలతో ఉన్న బిడ్డకు అంత చిక్కని చక్కెర నీళ్లు పోస్తే పేగు వాటిని పలుచన చెయ్యడానికి ఒంట్లోని నీటినే బయటికి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. చివరికి 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని ఏ పానీయం మీదా ఓఆర్ఎస్ అన్న పేరు ఉండరాదని ఆదేశించింది. పేగు ఎలా పనిచేస్తుందో తెలిసిన ఒక వైద్యురాలు పట్టుబడితే చట్టం కదిలింది.

మిగతా చట్టాల నడక అంత సూటిగా లేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు చక్కెర కలిపిన కూల్‌డ్రింకుల మీద పన్నును 40 శాతంగా ఉంచారు, అది మంచిదే. అదే రోజు బిస్కట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీమ్‌ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దించారు. పిల్లల పేగుకు సీసాలోని చక్కెరా, పొట్లంలోని చక్కెరా చివరికి ఒకటే. ఆ తగ్గింపు తప్పని నా అభిప్రాయం. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ఇళ్ల నుంచి వేలమంది పనికోసం పోయే సౌదీ, యూఏఈలలో 2017లోనే కూల్‌డ్రింకుల మీద 50 శాతం ప్రత్యేక పన్ను వేశారు, 2019 డిసెంబరు నుంచి తీపి కలిపిన ఇతర పానీయాలకూ దాన్ని వర్తింపజేశారు. అక్కడ చెమటోడ్చి పంపిన డబ్బు ఇక్కడ బిడ్డ చేతిలో సీసాగా మారకూడదు.

బడి విషయంలో మాత్రం కొత్త చట్టం అక్కర్లేదు. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి లోపలా, గేటుకు 50 మీటర్ల లోపలా అమ్మరాదని 2020లోనే దేశ ఆహార భద్రతా సంస్థ నిబంధన చేసింది. పిల్లలు ఎంత చక్కెర తింటున్నారో చూపే బోర్డులు పెట్టాలని 2025 మేలో సీబీఎస్ఈ తన బడులకు చెప్పింది. ప్రభుత్వ బడులకు అటువంటి బోర్డు పెట్టడానికి ఒక సుద్దముక్క చాలు. 2024లో మన రాష్ట్రంలో మహిళా సంఘాల తల్లులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. ఆ కమిటీల్లో ఉన్న అక్కలకూ అమ్మలకూ నా విన్నపం ఇది. ఒక టేపు పట్టుకుని గేటు నుంచి 50 మీటర్లు కొలవండి. ఆ లోపల ఏమేం అమ్ముతున్నారో కాగితం మీద రాసి హెడ్‌మాస్టరుకూ, మున్సిపాలిటీకీ, జిల్లా ఆహార భద్రతా అధికారికీ ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.